ఒడ్డు మిగలాలంటే: తీర గ్రామాల పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో సముద్రపు కోత గురించి వచ్చిన వ్యాసం చదివి, ఇచ్ఛాపురం నుంచి దివిసీమ దాకా పలు ఊళ్ళ పాఠకులు ఉత్తరాలు రాశారు. మత్స్యశాఖలో ఎక్కువ కాలం తీర మండలాల్లోనే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక జవాబులు రాసే పనిని సంపాదకులు నాకు అప్పగించారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాను. పేర్లు వేయవద్దని చాలామంది కోరినందువల్ల ప్రాంతం మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారి ఇల్లు ఉన్న చోట ఇప్పుడు సముద్రం ఉంది. రాళ్ళు వేశారు, జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) వేశారు, అయినా తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోసుకుపోతూనే ఉంది. ఇంకా ఎత్తయిన గోడ కట్టించమని అర్జీ పెడదామని మా ఊరి కుర్రవాళ్ళం అనుకుంటున్నాం. పెద్దలేమో ఇదంతా వాతావరణ మార్పనీ, మనం చేయగలిగింది లేదనీ అంటున్నారు. ఎవరి మాట నిజం?
— ఉప్పాడ ప్రాంతం

జవాబు: ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ముందు పెద్దల మాట చూద్దాం. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది, 2006 తరువాత ఆ పెరుగుదల ఏడాదికి దాదాపు 3.7 మిల్లీమీటర్లకు చేరింది. అంకె చిన్నదిగానే కనిపిస్తుంది కానీ, తుపాను నాటి ఉప్పెన ఆ పెరిగిన మట్టం మీద నుంచే లేస్తుంది కాబట్టి, పూర్వం గుమ్మం దాకా వచ్చి ఆగిన నీరు ఇప్పుడు గడప దాటుతుంది. బంగాళాఖాతం ఉపరితలం తుపాను పుట్టడానికి కావలసిన 26.5 డిగ్రీల వేడిని ఏడాదిలో చాలా నెలలు దాటే ఉంటుంది. సముద్రం ఇంకా వేడెక్కేకొద్దీ తుపాను ఒక్కసారిగా బలం పుంజుకునే అవకాశం పెరుగుతుంది.

అయితే మీ ఊరి కోతకు సముద్ర మట్టం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఒడ్డున మనం చూసే ఇసుక ఎప్పుడూ ప్రయాణంలోనే ఉంటుంది. నైరుతి కాలపు అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య కాలంలో కొంత వెనక్కి వస్తుంది, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. పోయిన ఇసుక స్థానంలో కొత్త ఇసుక వస్తూ ఉంటే తీరం నిలుస్తుంది, రాకపోతే తరుగుతుంది. మన డెల్టాలకు ఆ కొత్త ఇసుకను, ఒండ్రును తెచ్చి పోసింది గోదావరి, కృష్ణలే. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన పరిశోధకులు లెక్క కట్టగా, గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులు ఉండగా 2000–2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా దారుణం, 1960ల చివర 90 లక్షల టన్నులు మోసిన నది 2000 తరువాత 4 లక్షల టన్నులే మోసింది. మిగిలినదంతా ఎగువన ఆనకట్టల వెనుక పూడికగా పేరుకుంది. ఈ రెండు డెల్టాల తీరం 1965 నుంచి 2008 వరకు నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయిందని కూడా ఆ పరిశోధనే తేల్చింది.

దీనికి తోడు స్థానిక కారణాలు ఉన్నాయి. గోదావరి ముఖద్వారం నుంచి ఉత్తరానికి పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ, సుమారు 16 కిలోమీటర్ల పొడవున, కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా నిలిచి రేవును కాపాడుతోంది. కాకినాడకు అది వరమే కానీ, దాని కొన దాటగానే అలల తాకిడి నేరుగా మీ ఒడ్డు మీద పడుతుంది. రేవుల కోసం అలలను ఆపడానికి కట్టే బ్రేక్‌వాటర్లు, అడుగు లోతు చేయడానికి తవ్వే డ్రెడ్జింగ్ ఎక్కడ జరిగినా ఉత్తరానికి నడిచే ఇసుకను ఒకవైపు ఆపి మరోవైపు ఆకలి పెడతాయి.

ఇప్పుడు గోడ సంగతి. ఇసుక ఒడ్డు మీద పడిన అల పాకుతూ పైకి వచ్చి అలసిపోతుంది. అదే అల రాతి గోడను కొడితే వెనక్కి తిరిగి, గోడ పాదం దగ్గరి ఇసుకను తవ్వుకుపోతుంది. అందుకే కొన్నాళ్ళకు రాళ్ళు కుంగుతాయి, మళ్ళీ రాళ్ళు పోయాలి. గోడ ముగిసిన చోట పక్క ఊరికి కోత ఎక్కువవుతుంది. ఇంతకంటే ముఖ్యమైన నష్టం గురించి అర్జీల్లో ఎవరూ రాయరు. గోడ వెనుక ఇల్లు మిగులుతుంది, గోడ ముందు ఒడ్డు మిగలదు. కిందటి ఏడాది మీ వైపు వచ్చినప్పుడు ఒక ఫైబర్ బోటును ఎనిమిది మంది కలిసి రాళ్ళ మధ్య సందులోంచి పైకి లాగడం చూశాను. ప్రతి అల వెనక్కి తగ్గే దాకా ఆగి, తగ్గగానే భుజం పెట్టి, అడుగున గీరుకుపోయిన చోట తారు పూసుకుంటూ వాళ్ళు అరగంట తంటాలు పడ్డారు. తెప్ప తిరగేసి ఆరబెట్టుకోవడానికి, వల ఆరబెట్టుకోవడానికి, చేప పోసి వేలం పాడుకోవడానికి చోటు లేని ఊరిలో ఇల్లు నిలిచినా వేట నిలవదు.

అలాగని, గుమ్మానికి పది గజాల్లో సముద్రం ఉన్న ఇంటివారిని ఇసుక వచ్చేదాకా ఆగమని చెప్పే ధైర్యం నాకు లేదు. అత్యవసరమైన చోట రాళ్ళు వేయించుకోండి. అర్జీలో మాత్రం గోడ ఎత్తుతో పాటు ఇసుక గురించి కూడా రాయండి. రేవులో తవ్విన ఇసుకను సముద్రంలో దూరంగా పారబోయకుండా కోతకు గురైన ఒడ్డున పోయమని అడగండి. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం చాలా కాలంగా ఉన్న పద్ధతే. దాన్ని ఏటా చేస్తూ ఉండాలి, ఒకసారి పోసి వదిలేస్తే నిలవదు. పుదుచ్చేరిలో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2018లో నీటి అడుగున ఒక ఉక్కు కట్టను దించి, ఇసుక పోసి, రాళ్ళే మిగిలిన చోట మళ్ళీ బీచ్‌ను తెచ్చింది. అక్కడి కొలతలు ఇక్కడికి సరిపోవు కానీ, అటువంటి అధ్యయనం మీ తీరానికి జరగాలని అడగడం న్యాయమైన కోరిక. మీ ఊరి పేరుతో ఒక్క అర్జీ పెట్టే బదులు, ఉత్తరాన ఉన్న ఊళ్ళను కూడా కలుపుకుని అందరి పేరుతో పెట్టండి. మీ గోడ వల్ల రేపు నష్టపోయేది వాళ్ళే.

ప్రశ్న: మా మహిళా సంఘం ఆధ్వర్యంలో మూడేళ్ళ క్రితం ఏటి ఒడ్డున మడ మొక్కలు నాటాం. రెండు వేసవులు గడిచేసరికి పదింట ఒకటి కూడా మిగల్లేదు. మా శ్రమలో లోపమా, నేలలో లోపమా?
— నాగాయలంక ప్రాంతం

జవాబు: నీటిలో లోపం అయి ఉంటుంది. మడ చెట్టు ఉప్పును భరిస్తుంది కానీ నిలిచిపోయిన ఉప్పును భరించదు. పోటు నీరు రోజూ వచ్చి, పాటు సమయంలో తిరిగి పోతూ ఉంటేనే వేళ్ళ దగ్గరి ఉప్పు కడుక్కుపోతుంది. పోటు అందని పల్లంలో నీరు నిలిచి ఎండిపోతే మన్ను మీద తెల్లటి పొర కడుతుంది. మీరు నాటిన చోట వేసవిలో కాలు పెడితే ఆ పొర పెటపెటలాడుతుందేమో చూడండి. పక్కన రొయ్యల చెరువు గట్టు వేసి పాయను మూసిన సందర్భాల్లో కూడా ఇదే జరుగుతుంది.

దీనికి పరిష్కారం మన డెల్టాల్లోనే దొరికింది. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి కృష్ణా, గోదావరి డెల్టాల్లో పాడైన మడ అడవిలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించాయి. మధ్యలో ఒక పెద్ద కాలువ ఏటిలో కలుస్తుంది, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు ఉంటాయి. పోటు నీరు పెద్ద కాలువలోంచి పిల్ల కాలువల్లోకి పాకి, పాటుకు వెనక్కి జారుతుంది. మొక్కలను చదును నేల మీద కాకుండా ఆ కాలువల వాలు మీద, పోటు తడిపే మట్టంలో నాటారు. ఊరివారితో సంఘాలు వేసి పూడిక తీసే బాధ్యత వారికే ఇచ్చిన చోట మడ తిరిగి లేచింది. కాబట్టి ఈసారి మొక్కలకు ముందు పారలకు డబ్బు అడగండి. అమావాస్య, పౌర్ణమి పోట్లలో నీరు ఎక్కడి దాకా వస్తుందో పుల్లలు పాతి గుర్తు పెట్టుకుంటే, ఏ ఇంజనీరుకైనా మీరే దారి చూపగలరు.

ఇసుక ఒడ్డు మీద మడ నాటించే ఉత్సాహం కొన్ని కార్యక్రమాల్లో చూశాను. అది దండగ. ఇసుక తీరానికి కావలసినవి దిబ్బలు, దిబ్బలను పట్టి ఉంచే బాలబంద తీగ, మొగలి పొద. సరుగుడు తోటలు గాలిని అడ్డుకుంటాయి, కట్టెకు కూడా పనికొస్తాయి, అయితే ఒడ్డు అంచు దాకా సరుగుడే వేస్తే దాని కింద ఈ తీగలు బతకవు, తాబేలు గుడ్లు పెట్టే చోటు కూడా పోతుంది. దిబ్బను చదును చేసి నాటడం మరీ అన్యాయం.

మరో మాట. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన రాత్రిని చూసిన కుటుంబాలు మీ వైపు ఇంకా ఉన్నాయి. అంతటి ఉప్పెన వస్తే ఒక సన్నని మడ వరుస ఊరిని కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మడ అడవి అల జోరును తగ్గిస్తుంది, ఒండ్రును పట్టి నేలను పెంచుతుంది, పీతకు, రొయ్య పిల్లకు నీడనిస్తుంది. అలాంటి రాత్రి మాత్రం తుపాను రక్షణ కేంద్రానికి నడవాల్సిందే.

ప్రశ్న: మా నాన్న నీటి రంగు చూసి, పక్షుల్ని చూసి వల వేసేవాడు. నాకు ఫోన్‌లో చేపలు ఉండే చోటు గురించి సందేశం వస్తుంది. ఒకరోజు దొరుకుతాయి, ఒకరోజు డీజిల్ కూడా రాదు. ఈ సమాచారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? కానాగంతలు, కవ్వళ్ళు మునుపటి చోట్ల ఎందుకు పడటం లేదు?
— భీమిలి ప్రాంతం

జవాబు: ఆ సందేశం హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) నుంచి వస్తుంది. సముద్రం లేని ఊరిలో కూర్చుని సముద్రం సంగతి చెబుతారని మీ నాన్నగారి తరం నవ్వుకునేది, కానీ పద్ధతి మీ నాన్నగారిదే. ఆయన కంటితో చూసిన నీటి రంగును ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచును, నాచు సూక్ష్మజీవులు దట్టంగా ఉన్న పచ్చటి నీటిని గుర్తిస్తారు. మేత ఉన్న చోటికి చిన్న చేప, దాని వెంట పెద్ద చేప వస్తాయన్నది లెక్క. మీ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అన్నది తెలుగులోనే ఇస్తారు. మబ్బు పట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీరు కనిపించదు కనుక సమాచారం రాదు, వేట నిషేధ కాలంలో ఇవ్వరు. అది చేపలు చేరే అవకాశం ఉన్న ప్రాంతమే, చేపలు ఉన్నాయన్న హామీ కాదు. నీరు కదులుతుంది కాబట్టి నిన్నటి సందేశంతో ఈ రోజు పోతే డీజిల్ దండగవుతుంది.

చేపల మాటకు వస్తే, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చాలా కాలంగా గమనిస్తున్న మార్పు మీ వలలోనే ఉంది. కవ్వళ్ళలో నూనె కవ్వ (ఆయిల్ సార్డిన్) ఒకప్పుడు కేరళ, కర్ణాటక తీరానిది, 1980ల చివరి నుంచి తూర్పు తీరంలో కూడా పడటం మొదలైంది. కానాగంత (మాకెరెల్) పూర్వం పైనీటిలో తిరిగేది, ఇప్పుడు లోతు నీటి ట్రాలు వలల్లో ఎక్కువగా పడుతోంది. పై నీరు వేడెక్కితే చేప చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగుతుంది. పైపైన వల వేసే మీ చిన్న బోటుకు అది అందదు, అడుగు గీకే పెద్ద బోటుకు అందుతుంది. వాతావరణ మార్పు అందరికీ ఒకేలా తగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అన్నట్టు, ఈ చేప శాస్త్రీయ నామంలోని ‘కానగుర్త’ మన తెలుగు మాటే. 1803లో ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల మీద అచ్చు వేసిన పుస్తకంలో జాలర్లు పలికిన పేరునే రాసుకున్నాడు, తరువాత అదే శాస్త్రంలో స్థిరపడింది.

చేపల సందేశం కంటే అలల సందేశాన్ని మీరు ఎక్కువగా పట్టించుకోవాలని నా సలహా. గాలి, మబ్బు చూసి తుపానును పసిగట్టగల పెద్దలు ఉన్నారు. కానీ దక్షిణ హిందూ మహాసముద్రంలో వేల కిలోమీటర్ల దూరాన లేచిన ఉబ్బు అల మన ఒడ్డుకు చేరే రోజున ఇక్కడ గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. దొంగలా వచ్చే సముద్రం అని మలయాళంలో దానికి ‘కల్లక్కడల్’ అని పేరు. దాన్ని ముందుగా చెప్పగలిగేది ఇన్‌కాయిస్ హెచ్చరికే. అలాగే రేవుల్లో ఎగరేసే తుపాను హెచ్చరిక నంబర్లను చాలామంది తప్పుగా చదువుతున్నారు. ఒకటో నంబరు అంటే చిన్న ప్రమాదం అని కాదు, దూర సముద్రంలో వాయుగుండం ఉందని అర్థం. నాలుగు రోజుల వేటకు బయలుదేరేవాడికి ఎదురయ్యేది సరిగ్గా ఆ దూర సముద్రమే. పదకొండో నంబరు పది కంటే పెద్ద తుపానని కొందరు అనుకుంటారు, నిజానికి వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం.

తీరం నుంచి కొంత దూరం పోగానే ఫోన్ సిగ్నల్ పోతుంది. ఇస్రో సాయంతో తయారైన, ఉపగ్రహం ద్వారా సందేశాలు అందించే ట్రాన్స్‌పాండర్లను 2024 ఆగస్టు నుంచి దేశంలో లక్ష బోట్లకు ఉచితంగా అమర్చే పథకం నడుస్తోంది. సిగ్నల్ లేని చోట కూడా తెలుగులో హెచ్చరిక అందుతుంది, ఆపదలో మీరు మీట నొక్కితే ఒడ్డుకు తెలుస్తుంది. మీరు ఎక్కడ చేపలు పడుతున్నారో అందరికీ తెలిసిపోతుందన్న భయంతో కొందరు దాన్ని ఆపివేస్తున్నారని విన్నాను. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఆపివేయడం మంచిది కాదు.

ప్రశ్న: నేను నెత్తళ్ళు ఎండబెట్టి సంతలో అమ్ముతాను. మాఘంలో కూడా వాన పడుతోంది, ఒక్క జల్లుకు వారం పెట్టుబడి కుళ్ళిపోతుంది. వేట ఆపినప్పుడు మగవాళ్ళకు డబ్బు వేస్తారు, మాకు ఎందుకు వేయరు?
— సంతబొమ్మాళి ప్రాంతం

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు మంచి జవాబు నా దగ్గర లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది, అయితే అది బోటు మీద పనిచేసేవారి పేర్లు రాసుకుని ఇచ్చేది. వేట ఆగితే బుట్ట కూడా ఆగుతుందన్న సంగతి ఆ జాబితాలో లేదు. ఇంట్లో బోటెక్కే మగవాడు ఉంటే ఆ డబ్బు మీ గడప తొక్కుతుంది. భర్తను సముద్రంలో పోగొట్టుకుని బుట్ట నెత్తికెత్తుకున్న స్త్రీకి అదీ లేదు. చేపల క్రయవిక్రయాలతో బతికే స్త్రీలను కూడా మత్స్యకారులుగా నమోదు చేయాలని గ్రామసభలో తీర్మానం చేయించండి, ఆ నమోదు ఉంటే కిసాన్ క్రెడిట్ కార్డు కింద అప్పు అడగడానికి కూడా వీలవుతుంది.

ఎండబెట్టే పనిలో మాత్రం వెంటనే చేయగలిగినవి ఉన్నాయి. ఇసుక మీద పోయడం మానండి. నడుము ఎత్తున సరుగుడు కర్రలతో పందిరి కట్టి, పాత వల పరిచి, దాని మీద పోస్తే కింద నుంచి కూడా గాలి తగిలి నెత్తళ్ళు త్వరగా ఆరతాయి. ఇసుక అంటని సరుకుకు సంతలో ధర వేరు. వాన పడితే నాలుగు వైపులా టార్పాలిన్ దించడానికి ఇద్దరు మనుషులు చాలు, ఇసుక మీద పోసినదాన్ని ఎత్తే లోపు తడిసిపోతుంది. సంఘంగా చేరితే సోలార్ డ్రయ్యరు అడగవచ్చు, కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన వాటిలో ఎండ లేనప్పుడు కరెంటుతోనో గ్యాసుతోనో నడిచే రకాలు ఉన్నాయి. ఆ సంస్థకు విశాఖలో కేంద్రం ఉంది. యంత్రం ఇచ్చేవారిని ఒక ప్రశ్న తప్పక అడగండి: చెడిపోతే బాగుచేసేది ఎవరు? తలుపు ఊడిపోయిన డ్రయ్యర్లో కోళ్ళు పడుకోవడం ఒక ఊరిలో నా కళ్ళతో చూశాను.

ప్రశ్న: మా తమ్ముడు ఇక్కడ వేట సాగక గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తున్నాడు. అక్కడి సముద్రంలో తుపానులు తక్కువంటారు, నిజమేనా?
— ఎచ్చెర్ల ప్రాంతం

జవాబు: బంగాళాఖాతంతో పోల్చితే సంఖ్యలో ఇప్పటికీ తక్కువే, కానీ ఆ తేడా తగ్గుతోంది. 2001 నుంచి 2019 వరకు అరేబియా సముద్రంలో తుపానుల సంఖ్య, అంతకు ముందు కాలంతో పోల్చితే, 52 శాతం పెరిగిందని పుణె శాస్త్రవేత్తల పరిశోధన తేల్చింది. 2021 మే నెలలో తౌక్తే తుపాను గుజరాత్ తీరాన్నే తాకింది. వెరావల్ బోట్లకు సరిహద్దు ప్రమాదం కూడా ఉంది. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. మీ తమ్ముడు ఎక్కే బోటు రిజిస్ట్రేషన్ నంబరు, యజమాని పేరు, సరంగు (బోటు నడిపేవాడు) ఫోన్ నంబరు ప్రతి సీజనులోనూ రాయించుకుని ఇంట్లో పెట్టుకోండి. సముద్రంలో ఆపద అని తెలిస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఏ తీరం నుంచైనా అదే.

ప్రశ్న: ప్రమాద బీమా ఎంత వస్తుంది? బోటు పోతే ఏమిటి?
— నిజాంపట్నం, ఓడలరేవు పాఠకులు

జవాబు: ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద నమోదైన మత్స్యకారుడు ప్రమాదంలో చనిపోయినా, పూర్తి అంగవైకల్యం కలిగినా 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000 రూపాయలు. ప్రీమియం మీరు కట్టనక్కర్లేదు. ఇది మనిషికి బీమా, బోటుకూ వలకూ కాదు. వాటికి తుపాను సాయం అందాలంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు ఉండాలి. ఇంజను నంబరు కనిపించేలా ఫోటోలు, వల కొన్న బిల్లులు సీజను ముందే తీసి, ఊరి బయట ఉన్న బంధువుకు పంపి ఉంచండి. మనిషి గల్లంతై శవం దొరకని పక్షంలో 7 సంవత్సరాలు ఆచూకీ లేకుంటేనే మరణించినట్టు చట్టం భావిస్తుంది. ఓఖీ తుపాను వంటి పెద్ద విపత్తుల్లో ప్రభుత్వాలు సడలింపు ఇచ్చాయి, ఒంటరి ప్రమాదంలో ఆ వెసులుబాటు తేలిక కాదు. కాబట్టి అదే రోజు మెరైన్ పోలీసు స్టేషన్లో ఫిర్యాదు చేసి, బోటులో ఉన్న తోటివారి వాంగ్మూలం రాయించండి.

ప్రశ్న: నేను తీర గ్రామంలో ఉపాధ్యాయుణ్ణి. ఊరిని లోపలికి తరలిస్తామని అధికారులు అంటున్నారు. సగం మంది సరేనంటున్నారు, సగం మంది చస్తే ఇక్కడే అంటున్నారు. వారికి ఏమి చెప్పాలి?
— కాకినాడ జిల్లా

జవాబు: మాస్టారూ, వెళ్ళమనో ఉండమనో చెప్పడం మన పని కాదు. ఏ షరతుల మీద అన్నది మాత్రం మాట్లాడవచ్చు.

ఒడిశాలో కేంద్రపడ జిల్లా సతభాయాలో ఒకదాని తరువాత ఒకటిగా పల్లెలను సముద్రం మింగేయగా, 571 కుటుంబాలను 2018లో బాగపాటియా అనే చోటికి తరలించారు. ఇంటి స్థలం ఇచ్చారు, ఇల్లు కట్టించారు. బతుకుతెరువు మాత్రం వెంట రాలేదు. పొలం పోయింది, సముద్రం దూరమైంది, మగవాళ్ళు కూలికి పరాయి రాష్ట్రాలకు పోవలసి వచ్చింది. కేరళ ‘పునర్గేహం’ పథకంలో ఒడ్డుకు 50 మీటర్ల లోపు ఉన్న కుటుంబం తనంతట తాను వేరే చోట స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకోవడానికి 10 లక్షలు ఇచ్చారు. ఎక్కడికి పోవాలో కుటుంబమే నిర్ణయించుకోవడం ఇందులో మంచి సంగతి. అయితే సముద్రానికి దగ్గరలో ఆ డబ్బుకు స్థలం దొరకదని అక్కడి మత్స్యకారులు ఆందోళన చేస్తూనే ఉన్నారు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న సభలో తప్పక వస్తుంది. నది కోత, సముద్రపు కోత వల్ల నిరాశ్రయులైన వారి పునరావాసానికి 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి జాతీయ స్థాయిలో 1,000 కోట్లు, కోత నివారణకు మరో 1,500 కోట్లు ప్రత్యేకించింది. ఆ విధంగా కోతకు గురైన ఊరిని తరలించడం మొదటిసారిగా ఒక పద్దుగా గుర్తింపు పొందింది. తీర గ్రామాలకు వాతావరణ మార్పును తట్టుకునే వసతులు కల్పించే పథకంలో దేశంలో 100 గ్రామాలకు, గ్రామానికి 2 కోట్ల చొప్పున కేంద్రం పూర్తిగా ఇస్తోంది. చేపలు ఎండబెట్టే కళ్ళాలు, మార్కెట్, ఐస్ ప్లాంటు వంటివి అందులోకి వస్తాయి. ఊరు తరలించడానికి ఆ డబ్బు చాలదు, కానీ తరలిన ఊరు ఒడ్డుతో సంబంధం నిలుపుకోవడానికి పనికొస్తుంది.

సభలో మీరు రాయించవలసిన తీర్మానం గురించి నా ఆలోచన ఇది. కొత్త కాలనీ నుంచి ఒడ్డుకు నడిచి పోగలిగే దూరం ఉండాలి. తెల్లవారుజామున మూడింటికి ఇంజను భుజాన వేసుకుని బయలుదేరే మనిషికి ఆటో దొరకదు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరున ఉండాలి, పెళ్ళయి వేరుపడిన కొడుకు కుటుంబాన్ని వేరు కుటుంబంగా లెక్కించాలి. ఈ రెండో విషయంలోనే అన్ని చోట్లా గొడవలు వస్తాయి. ఒకే గడపలో మూడు పొయ్యిలు ఉన్న ఇంటిని సర్వే చేసేవాడు ఒక ఇల్లుగా రాసుకుపోతాడు.

అన్నింటికంటే గట్టిగా పట్టుకోవలసింది ఖాళీ చేసిన పాత ఊరి స్థలాన్ని. ఇళ్ళకు ప్రమాదమని మనల్ని ఖాళీ చేయించిన ఒడ్డున నాలుగేళ్ళ తరువాత రిసార్టు గుడిసెలు వెలిస్తే అడిగేవాడు ఉండడు. 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ బీచ్‌ల మీద తాత్కాలిక పర్యాటక వసతులకు అవకాశం ఇచ్చింది. జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామాల్లో కట్టడాలు కూడని హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. అందువల్ల పాత ఊరి సర్వే నంబర్లన్నీ పేరు పేరునా తీర్మానంలో ఎక్కించండి. బోట్లు నిలపడానికి, వలలు ఆరబెట్టడానికి, చేపలు ఎండబెట్టడానికి, వేలానికి ఉమ్మడి స్థలంగా అది మత్స్యకార సహకార సంఘం అనుభవంలోనే ఉంటుందని రాయించండి. వల సామాను దాచుకునే షెడ్డు ఒకటి, మంచినీటి కుళాయి ఒకటి, రాత్రి బోట్లకు దారి చూపే దీపస్తంభం ఒకటి అక్కడ ఉంచాలని కూడా రాయండి. గంగమ్మ గుడి ఒడ్డునే ఉంటే దాన్ని ఏం చేయాలన్నది ఊరివారినే తేల్చుకోనివ్వండి, ఆ మాట అధికారుల నోట మొదలైతే సభ అక్కడితో ఆగిపోతుంది. తీర్మానం ప్రతి మీద తహసీల్దారు ముద్ర పడిన తరువాతే సర్వేకు ఇళ్ళ తలుపులు తీయమనండి.